గుచ్చింది నేను, కాల్చింది వసంతం

నేను ఒక సూదుల రోలరును. గుప్పిట్లో ఇమిడే పిడి, దాని చివర చిన్న చక్రం, చక్రం నిండా వెంట్రుకంత సూదులు. ముఖం మీద దొర్లిస్తే కంటికి ఆనని చిల్లులు పడతాయి. అవి మానేటప్పుడు చర్మం కొత్తగా బిగుస్తుందట. ఒక్కసారి వాడి పారేయమని నన్ను సీలు వేసి పంపారు. ఆ ఒక్కసారి ఎంత గొప్పగా గడిచిందో వినండి.

తణుకులో హైమ అనే బ్యూటీషియన్ నన్ను కల్యాణమండపానికి తీసుకెళ్ళింది. పెళ్ళికూతురు హారిక కోసం కాదు, ఆమె తల్లి సుగుణ కోసం. తాంబూలాలనాడు పెళ్ళికొడుకు మేనత్త ఈవిణ్ణి చూసి, "మీరు అమ్మాయికి అమ్మమ్మగారాండీ?" అని అడిగిందట. అప్పట్నుంచి సుగుణకు కంటి మీద కునుకు లేదు. అప్పగింతల ఫొటోలో తల్లిలా కనిపించాలి, అంతే ఆవిడ కోరిక. అన్నావిడ మాత్రం అన్న సంగతే మర్చిపోయింది. ఒళ్ళు మండదూ మరి?

పెళ్ళి ముందురోజు సాయంత్రం హైమ నన్ను దొర్లిస్తూ, "మూడు రోజులు ముఖానికి ఏదీ తగలనివ్వకండి ఆంటీ," అంది. రేపే పెళ్ళి పెట్టుకుని మూడు రోజులేమిటి? వద్దని చెప్పాల్సిన మనిషి, "మెరిసిపోతారు చూడండి," అంటూ నన్ను గది మూల చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడు తలంబ్రాలయ్యాక వసంతాలాట మొదలైంది. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్నారు. "వదినగారూ, తప్పించుకుందామనే!" అని ఆ మేనత్త గొంతే వినబడింది. వెంటనే సుగుణ కేక. ముఖం పట్టుకుని గదిలోకి పరుగెత్తుకొచ్చింది. నేను చేసిన ప్రతి చిల్లులోకీ సున్నం దిగింది.

హైమ గబగబా నీళ్ళు కొడుతూ, "వసంతాల సంగతే గుర్తు రాలేదండీ," అని గొణిగింది. ఊళ్ళో సగంమంది పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసిన మనిషి! బుట్టలోంచి లేచి ఆవిడ నాలుక మీద దొర్లాలనిపించింది.

అప్పగింతల వేళకు సుగుణ ముఖం వాచిపోయింది. గడప దాటనంది. బయట "అమ్మాయి తల్లెక్కడండీ?" అని వెతుకుతున్నారు. చివరికి హారికే లోపలికి వచ్చి, ఏడుస్తూ తల్లి చెంపకు చెంప ఆనించబోయింది.

"ముట్టుకోకే అమ్మా, మండుతోంది," అని సుగుణ వెనక్కి జరిగింది.

ఇప్పుడు ఊరవతల చెత్తగుట్టలో తుప్పు పడుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. ఆ చెంప మీద తనివితీరా దొర్లాను నేను. కన్నకూతురు దాన్ని ముట్టుకోకుండానే కారెక్కింది.