కళింగ స్టోర్స్ పేరు మారిన రోజు

నేను ఒక మైకును. నల్లటి పిడి, దాని మీద గుండ్రటి ఇనప జాలీ, బొటనవేలికి అందేలా ఒక మీట. ఇంతే నా ఒళ్ళు. నాకు కళ్ళు లేవు. జాలీ వెనక ఒక పల్చటి పొర మాత్రం ఉంది. మనిషి ఊపిరి తగిలితే అది వణుకుతుంది. అందుకే మనుషుల్ని నేను ముఖాలతో కాదు, ఊపిరితో గుర్తుపడతాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఇరుకు కార్ఖానాలో ఎవరో ఆడమనిషి నా తీగలు అతికించింది. అతికించి, నోటి దగ్గర పెట్టుకుని "హలో" అంది. నేను విన్న మొదటి మాట అదే. అక్కణ్ణుంచి విశాఖపట్నం, విశాఖపట్నం నుంచి పార్వతీపురం. అక్కడ మైకు సెట్లు అద్దెకిచ్చే సూరిబాబు చేతిలో పడి మూడేళ్ళు పెళ్ళిళ్ళకీ సంతర్పణలకీ తిరిగాను. ఒక ఎన్నికల్లో పొద్దున ఒక పార్టీవాళ్ళు, సాయంత్రం ఇంకో పార్టీవాళ్ళు నన్నే పట్టుకుని ఒకరినొకరు తిట్టుకున్నారు. రెండు నోళ్ళలోనూ ఒకే కిళ్ళీ వాసన.

ఆ తర్వాత సూరిబాబు నన్ను కళింగ స్టోర్స్‌కి అమ్మేశాడు.

కళింగ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. బొబ్బిలి, సాలూరు, రాజాంలలోనూ ఆ కొట్లున్నాయి గానీ, పార్వతీపురం మెయిన్ రోడ్డు మీది మూడంతస్తులదే అసలుది. కింద కిరాణా, స్టీలు సామాన్లు. మొదటి అంతస్తులో పిల్లల బట్టలు, గాజులు. రెండో అంతస్తంతా చీరలు. కొండల మీది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, ఎవరూ అడక్కపోయినా, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేవారు. యజమాని ఇమ్మిడిశెట్టి నరహరి గారు వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు.

నన్ను మొదటి అంతస్తులో, మెట్లకు ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టారు. నాలో మాట్లాడే గుమస్తా ఒకరోజు రాలేదు. గాజులమ్మే అసిరితల్లిని పిలిచి "నువ్వు చెప్పమ్మా" అన్నారు నరహరి గారు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. భయంతో ఊపిరి ఎగపోస్తూ, "స్టీలు బిందెలు కావలసినోళ్ళు కిందికెల్లండమ్మా, మెట్ల కాడ జాగ్రత్త" అంది. అంతే. గుమస్తా మళ్ళీ వచ్చాడు గానీ ఆ బల్ల దగ్గర అతనికి చోటు లేకపోయింది.

ఇరవై రెండేళ్ళు ఆమె ఊపిరే నా ఊపిరి. ఏ అంతస్తులో ఏం దొరుకుతుందో, ఎవరి గొడుగు ఎక్కడ మరిచిపోయారో, ఆఖరి బస్సుకి ఎంత టైముందో ఆమే చెప్పేది. ఒక చీర రంగు దిగుతుందని తెలిస్తే అదీ చెప్పేసేది. నరహరి గారు నెత్తి కొట్టుకునేవారు, కానీ ఆపేవారు కాదు. జనం ఆమెను మైకమ్మ అని పిలిచేవారు. మైకమ్మ చెప్పిందంటే అది నిజమే.

నరహరి గారికి వయసు మీద పడింది. ఎవరితోనూ చెప్పకుండా ఆయన కొట్లన్నీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. కార్తీకంలో ఒకరోజు క్రేను వచ్చి బోర్డు దింపింది. కొత్త బోర్డు మీద పేరు ఫెలిమారా.

"ఏటి బాబూ, కళింగ మూసీసినారా?" అని మెట్లెక్కుతూ ఒక ముసలావిడ గుమస్తాను అడిగింది.

"మూయలేదమ్మా, పేరు మారింది. ఫెలిమారా."

"పెల్లి మారిందా? ఎవులి పెల్లి?"

మెట్ల మీద జనం ఘొల్లున నవ్వారు. నవ్వు అయిపోగానే కోపం మొదలైంది. వారం రోజులపాటు అసిరితల్లి బల్ల ముందు అదే జాతర. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన పాత సంచీ తెచ్చి, దాని మీద కళింగ అన్న అచ్చు చూపించి, "ఇదేటైపోవాల మరి?" అని నిలదీశాడు. డ్రాయింగు మేస్టారుగా రిటైరైన పట్నాయక్ గారు బల్ల మీద చేత్తో చరిచి, "మా ఇంట నాలుగు పెళ్ళిళ్ళ బట్టలు ఇక్కడ కొన్నానండీ. ఆ పేరు లేని గుమ్మం నేను తొక్కను!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. ఒకరిద్దరు ఒట్టు కూడా వేశారు.

అసిరితల్లికి నీలం చొక్కా, మెడలో వేలాడే కార్డు ఇచ్చారు. హైదరాబాదు నుంచి నిశాంత్ అనే కుర్ర మేనేజరు వచ్చాడు. పైకప్పులో కొత్త స్పీకర్లు బిగించారు. వాటిలో రికార్డు చేసిన గొంతు ఒకటి, ఎవరిదో, "ఫెలిమారాకు స్వాగతం, మీ షాపింగ్ ఆనందంగా సాగాలి" అని ప్రతి ఐదు నిమిషాలకీ పలికేది. ఆ గొంతుకు ఊపిరి లేదు. నన్ను బల్ల సొరుగులో పడేశారు. గోడల మీది పాత స్పీకర్లు పీకే పని ఇంకా మిగిలి ఉండటంతో నా తీగను ఎవరూ కొయ్యలేదు.

ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టారు. మొదటి మూడు వందల మందికి తొంభై తొమ్మిది రూపాయలకే చీర అని ఊరూరా ఆటో తిప్పారు.

ఆ పొద్దున సొరుగులోంచి నేను విన్న మొదటి చప్పుడు సముద్రంలా ఉంది. షట్టరు అవతల వెయ్యి మందో, రెండు వేల మందో. గుమ్మం తొక్కనన్నవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే పోల్చుకున్నాను. ఏడ్చినావిడ అక్కడే ఉంది. పట్నాయక్ మేస్టారూ ఉన్నారు. "ఏదో, చూసిపోదామనండీ" అని ఎవరితోనో అంటున్నారు.

షట్టరు తీసే ముందు అసిరితల్లి మేనేజరుతో అంది: "బాబూ, ఎనక మెట్ల తలుపు కూడా తియ్యించండి. పండగలప్పుడు ఇటు ఎక్కించి అటు దింపీవోళ్ళం."

"పాలసీ ఒప్పుకోదు మేడం. వెనక నుంచి సరుకు పోతుందని తాళం వేశారు. కీ ఏరియా మేనేజర్ దగ్గరుంది, ఆయన మధ్యాహ్నం వస్తారు."

"మధ్యాన్నం దాకా ఈ జనం ఆగరు బాబూ."

"మేం చూసుకుంటాం మేడం."

షట్టరు లేచింది. మొదటి పావుగంట పరుగులు, నవ్వులు, పిల్లల్ని పిలిచే కేకలు. తర్వాత పైన చీరలు దొరికినవాళ్ళు దిగడం మొదలుపెట్టారు. కిందివాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. తీసి ఉన్న మెట్లు అవొక్కటే. ఎవరో "అయిపోతన్నాయంట!" అని అరిచారు. ఆ ఒక్క మాటతో కింద తోపు మొదలైంది.

చప్పుడు మారింది. నవ్వులు ఆగిపోయాయి. మెట్ల పక్క ఇనప కమ్మీ కిర్రుమంది. "ఊపిరాడతం నేదు" అని ఒక ఆడగొంతు. "తొయ్యకండి, తొయ్యకండర్రా, కింద మనిషున్నాడు" అని మేస్టారి గొంతు, ఆ తర్వాత అదీ వినిపించలేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ గుక్క పట్టింది. పైనుంచి ఆ రికార్డు గొంతు తీయగా అంటోంది: "ఫెలిమారాకు స్వాగతం. మీ షాపింగ్ ఆనందంగా సాగాలి."

నిశాంత్ "ప్లీజ్, ప్లీజ్, లైన్‌లో రండి" అని అరుస్తున్నాడు. ఎవరికీ వినపడటం లేదు. అతని గొంతు ఏడుపులోకి దిగింది.

సొరుగు ఊడొచ్చినంత గట్టిగా తెరుచుకుంది. అసిరితల్లి చెయ్యి చెమటతో జారిపోతోంది. నా పిడిని రెండు చేతులా పట్టుకుంది.

"బాబూ, ఆ గొంతు ఆపు."

"మేడం, అది సిస్టమ్‌లో..."

"ఆపు!"

ఆగింది. నా మీట నొక్కింది. గోడల మీది పాత స్పీకర్లు గుర్రుమన్నాయి. ఆమె ఒకసారి దగ్గింది. ఆ దగ్గుకే మెట్ల మీద సగం అరుపులు తగ్గాయి. జనానికి ఆ దగ్గు తెలుసు.

"నేనమ్మా. మైకమ్మని. ఎవులూ కదలకండి. ఉన్నోళ్ళు ఉన్నట్టే నిలబడండి. పిల్లలున్నోళ్ళు పిల్లల్ని బుజాలకెత్తుకోండి."

నా జాలీకి తగిలే ఊపిరి సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. కింద తోపు ఆగలేదు. గుమ్మం దగ్గరున్నవాళ్ళకు మెట్ల మీద ఏం జరుగుతోందో తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా పైన చీరలున్నాయని.

"గుమ్మం కాడున్నోళ్ళు ఇనండి," అంది. "సీరలయిపోనాయి. ఒక్కటి కూడా నేదు. ఎనక్కెల్లిపోండి."

పక్కనే నిశాంత్ గుసగుసలాడాడు: "మేడం! ఇంకా నూట యాభై ఉన్నాయి!"

ఆమె అరచేత్తో నా జాలీ మూసింది. "ఉంటే ఉండనీ." చెయ్యి తీసింది. "అయిపోనాయమ్మా, నా మాట నమ్మండి. ఇళ్ళకెల్లిపోండి."

ఇరవై రెండేళ్ళలో ఆమె నాలో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ ఊపిరి నాకు కొత్తగా తగిలింది.

గుమ్మం దగ్గర తిట్లు వినిపించాయి. కంపెనీ మోసమన్నారు. దొంగలన్నారు. కానీ కదిలారు. రోడ్డు మీదికి అడుగులు మళ్ళిన చప్పుడు నేను విన్నాను.

"సింహాద్రీ," అని పై అంతస్తులో ఉన్న కాపలా మనిషిని పిలిచింది. "గోడకి మంటలార్పే సిలిండరుంది. దాంతో ఎనక తలుపు తాళం పగలగొట్టు. పూచీ నాది."

దెబ్బ మీద దెబ్బ. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో ఇనుము విరిగింది. "పైనున్నోళ్ళు అటుగా దిగండి. మెల్లిగా. మెట్ల మీదోళ్ళు, కిందనించి ఒక్కొక్కలే ఎనక్కి దిగండి." అలా అరగంట చెబుతూనే ఉంది. చివరికి గొంతు పోయి మాటకు బదులు గాలి వచ్చింది. నేను చేతిలోంచి జారి నేల మీద పడ్డాను. జాలీ ఒక పక్క సొట్ట పడింది.

పట్నాయక్ మేస్టారికి రెండు పక్కటెముకలు విరిగాయి. ఒకావిడకు మణికట్టు విరిగింది. పది, పదిహేను మంది స్పృహ తప్పారు. ఎవరూ చనిపోలేదు.

మధ్యాహ్నం ఏరియా మేనేజరు వచ్చాడు. "తలుపు పగలగొట్టమన్నది ఎవరు? స్టాకు ఉండగా లేదని చెప్పింది ఎవరు?" అన్నాడు.

"నేనే," అంది అసిరితల్లి, మిగిలిన గొంతుతో.

"రాసివ్వాలి."

"రాసిస్తాను. కొత్త తాళం ఏసినాక దాని సెవి నాకియ్యండి."

"మీకెందుకు?"

"పేరు మారిస్తే ఎవులూ సావరు బాబూ. తలుపు మూసేస్తే సస్తారు."

ఆమె ఆ సాయంత్రమే రాసిచ్చింది. రెండో రోజు బల్ల మీద తాళం చెవి పెట్టిన చప్పుడు విన్నాను. ఎవరూ దండ వెయ్యలేదు, ఫొటో తియ్యలేదు. మిగిలిన నూట యాభై చీరలు సోమవారం అమ్మేశారు. అప్పుడు తెలిసింది ఊరికి, శుక్రవారం చీరలున్నాయని.

మనుషులతో నేను చాలాకాలం మెలిగాను. అయినా ఆ వారం విన్నది నాకు మింగుడు పడలేదు. మైకమ్మ కూడా కంపెనీ మనిషైపోయిందన్నారు. ఆ మిగిలిన చీరలు తన బంధువులకు ఇప్పించుకుందన్నారు. ఆ మాటలు వింటూనే ఆమె రోజూ వచ్చి బల్ల దగ్గర కూర్చునేది. పాత స్పీకర్లు పీకిన రోజు నన్ను ఇమ్మని అడిగి, తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చింది. ఇప్పుడు నేను ఆమె ఇంటి ముందుగది కిటికీ గట్టు మీద ఉన్నాను. తీగ లేదు, పని లేదు.

మొన్న ఆదివారం పొద్దున గుమ్మంలో ఒక ఆడగొంతు లేచింది. ఎవరో పల్లెటూరి మనిషి, వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ దినం పిల్లని సంకనేసుకొచ్చి, నీ మాట నమ్మి ఎనక్కెల్లిపోనానమ్మా. పాతికేళ్ళనించి కళింగకొత్తన్నాం. ఎవులు సెప్పినా నమ్మకపోదును, నువ్వు సెప్పినావని నమ్మినాను. అబద్ధమాడినావు!"

"ఆడినాను," అంది అసిరితల్లి.

"ఎందుకాడినావు?"

అసిరితల్లి కిటికీ పక్కకు కుర్చీ జరిపింది. "గుమ్మంలో ఎంతసేపు నిలబడతావు? లోపలికొచ్చి కూకో. మజ్జిగిస్తాను," అంది. ఆవిడ గొణుగుతూనే లోపలికి వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒళ్ళోనే ఉన్నట్టుంది. ఏడాదిన్నర ఉంటుందేమో. ఆ చిన్న చెయ్యి గట్టు మీద తడుముతూ వచ్చి నన్ను పట్టుకుంది. సొట్ట పడిన జాలీని నోటికి ఆనించుకుంది.

ఏమీ పలకలేదు. ఊరికే ఊపిరి తీసింది, వదిలింది. వెచ్చగా, పాల వాసనతో.