ఎనోస్ లేని చరిత్ర

లామార్ నా కొట్టుకు వచ్చిన ఆగస్టు నాటికి నా చేతిలో ఉన్నదిది: ఒకప్పుడు పశువుల దాణా అమ్మిన పాత గోదాము, గోడల పొడవునా చెక్క అరలు, ఆ అరల నిండా పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునేవాళ్లు వాడి అమ్మేసిన పుస్తకాలు. లెక్కల పుస్తకాలు వచ్చినవి వచ్చినట్టే పోతాయి. నిలిచిపోయేది అమెరికా చరిత్రే. ఒక తల్లికి ప్రతి పేజీలోనూ దేవుడుండాలి, ఇంకో తల్లికి అసలు ఉండకూడదు. ఒకామెకు బానిసల సంగతి దాచకుండా చెప్పాలి, ఇంకొకామెకు పిల్ల కాస్త పెద్దదయ్యేదాకా ఆగాలి. అందుకని అన్ని రకాలూ పెట్టేవాణ్ని.

సరుకుతో పాటు ఒక నేర్పు కూడా ఉండేది. వాడిన పుస్తకాన్ని తెరవకుండా, అంచు చూసి ఎంతవరకు చదివారో చెప్పేస్తాను. వేళ్లు తగిలినంత మేర కాగితం మాసిపోతుంది. మా లాంకస్టర్ వైపు చరిత్ర పుస్తకాలు అంతర్యుద్ధం దాకా మాసి, అక్కణ్ణించి తెల్లగా ఉంటాయి. మే నెల వస్తుంది, తోటపని మీద పడుతుంది, పుస్తకం మూసేస్తారు. వచ్చే ఏడు ఇంకో రకం కొని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. నా వ్యాపారం నిలిచింది దానిమీదే.

లామార్ పాల ట్యాంకర్ నడుపుతాడు. భార్య ఆర్లీన్ ఫిబ్రవరిలో పోయింది. ఆవిడ నా దగ్గర ఏళ్ల తరబడి కొన్న మనిషి, బేరంలో నన్ను మించినది. ఆ రోజు అతను ఇద్దరు కూతుళ్లతో వచ్చాడు. పెద్దది కారిస్‌కి పదకొండు, చిన్నది విల్లాకి ఏడు. పిల్లలు వాకిట్లో నిలబడిపోయారు.

"ఎబర్‌సోల్ గారూ, ఎనోస్ ఉన్న చరిత్ర ఇవ్వండి," అన్నాడు.

"ఎనోస్ ఎవరయ్యా?"

"స్వాతంత్ర్య యుద్ధంలో, వాషింగ్టన్ సైన్యంలో కుర్రాడు. కాళ్లకి గోనెపట్టా చుట్టుకుని వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో మంచులో తిరిగాడే, వాడు. ఆర్లీన్ పిల్లలకి అక్కడిదాకా చెప్పింది. అంతలో ఆసుపత్రిలో చేరింది."

"అక్కణ్ణించి ఏ పుస్తకమైనా అందుకుంటుంది. యుద్ధం ఒకటేగా."

"కారిస్ ఒప్పుకోదండీ. ఎనోస్ ఏమయ్యాడో తేలందే పేజీ తిప్పనంటుంది." గొంతు తగ్గించాడు. "జూన్‌లో పిల్లల చదువు చూసి సంతకం పెట్టే టీచరమ్మ ఈ ఏడు జాలిపడి పెట్టింది. వచ్చే ఏడు మన రాష్ట్రం సంగతితో సహా చరిత్రంతా చూపించాలంది. సంతకం లేకపోతే బడికే. పంపనని ఆర్లీన్‌కి మాటిచ్చాను."

నా అరల్లో ఉన్న రకాలన్నీ వ్యాలీ ఫోర్జ్ దగ్గర తెరిచి చూశాను. ఎనోస్ ఎక్కడా లేడు. తల్లి చెప్పాల్సిన మాటలు మందపాటి నల్లటి అక్షరాల్లో అచ్చేసిన పుస్తకం ఒకటి ఇచ్చాను. "ఇది తెరిచి చదివెయ్యడమే. ఏమీ తెలియక్కర్లేదు," అన్నాను.

"నాకు సరిగ్గా సరిపోయింది," అన్నాడు, నవ్వకుండా.

అక్టోబరులో తిరిగి తెచ్చాడు. అంచు చూశాను. నాలుగైదు పేజీల మేర తప్ప వేలి మచ్చ లేదు.

"తెల్లారకముందే బండెక్కుతాను, సాయంత్రానికి కళ్లు మూతలు పడతాయి. నల్లక్షరాలు చదువుతూ చదువుతూ మొన్న వాక్యం మధ్యలో నిద్రపోయాను. విల్లా నవ్వింది. కారిస్ లేచి వెళ్లిపోయింది."

వీడియోలున్న రకం ఇచ్చాను. క్రిస్మస్ ముందు అదీ వెనక్కి వచ్చింది. అప్పుడు నా భార్య మెర్నా అంది: "ఆర్లీన్ చివరిసారి నీకు అమ్మింది ఆకుపచ్చ అట్ట చరిత్ర సెట్టు కదూ? ఒహాయో నుంచి వచ్చినావిడ కొని పట్టుకెళ్లింది."

నిజమే. తను పోవడానికి ముందటి మే నెలలో ఆర్లీన్ దాన్ని నాకు తిరిగి అమ్మేసింది. ఇక అంతా తన తలలో ఉందిలే అంటే నవ్వేశాను. ఒహాయో ఆవిడకి ఫోన్ చేసి, బదులు రెండు సెట్లు ఇస్తానని ఒప్పించి తెప్పించాను. తెరవకుండానే లామార్ ఇంటికి తీసుకెళ్లాను.

వంటింటి బల్ల మీద చికెన్, మొక్కజొన్న సూప్ చల్లారిపోతోంది. లామార్ చేతులు తుడుచుకుని మొదటి సంపుటం తెరిచాడు. ఒక్కో పేజీ వెలుతురుకి పట్టి చూశాడు. నేనూ చూశాను. వ్యాలీ ఫోర్జ్ రెండు పేజీలు. మంచు, గుడిసెలు, ఆకలి. ఎనోస్ లేడు.

"ఒక్క గీత లేదేంటండీ?" అన్నాడు. "అమ్మకముందు రోజూ దీన్నే ముందేసుకుని కూర్చునేది. పెన్సిల్ చేతిలోనే ఉండేది."

"గీత పడితే సగం ధర పోతుంది లామార్. ఎవరూ గీయరు. గీసిన పుస్తకం నేను తీసుకోను."

"మీరు తీసుకోరనా?"

"నేనే కాదు, ఎవరూ తీసుకోరు."

అతను పుస్తకం వైపు చూస్తూనే ఉన్నాడు. కారిస్ వచ్చి, నిలబడే ఆ రెండు పేజీలూ చదివింది.

"ఇందులో ఎవరికీ చలి వెయ్యట్లేదు," అంది.

"వేసిందమ్మా, ఇదిగో రాశారు," అన్నాడు లామార్.

"రాశారు, అంతే. అమ్మ చెప్తుంటే విల్లా సాక్సులు తొడుక్కునేది."

అప్పటికి నాకు అర్థమైంది, లామార్‌కీ అర్థమైనట్టే ఉంది. ఆ కుర్రాణ్ని ఆర్లీనే సొంతంగా అల్లింది. ఏ అరలోనూ దొరకడు. ఇన్నేళ్లూ నేను అమ్మిన పుస్తకాలు ఆమె చేతికి ముడిసరుకు మాత్రమే.

లామార్ గొంతు సవరించుకున్నాడు. "ఎనోస్ ఇంటికి చేరాడమ్మా. వసంతం వచ్చింది, యుద్ధం గెలిచారు, నడుచుకుంటూ ఇంటికి పోయాడు."

"ఏ ఊరు?"

"మన... రీడింగ్ ఊరి దగ్గర."

"కాదు. వాళ్లది సముద్రం పక్క ఊరు. వాళ్ల అక్క పేరేంటి?"

లామార్ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. ఎదుటివాడికి ఏం కావాలో చెప్పి అమ్మినవాణ్ని, పేరొకటి కల్పించడం నాకు పెద్ద పని కాదు. "రూత్," అన్నాను.

"మీకు తెలీదు తాతా," అంది కారిస్. కోపం లేదు. లేని సరుకు అడిగి తిరిగిపోయే మనిషి అన్నట్టు అంది. "ఎవరికీ తెలీదు. చెప్పకండి."

పైకి వెళ్లిపోయింది. విల్లా అక్క వెనకే వెళ్లింది.

"సముద్రం పక్క ఊరని నాకు తెలియనే తెలీదు," అన్నాడు లామార్. "అదే ఇంట్లో ఉన్నాను. పక్క గదిలో పడుకునేవాణ్ని."

"పుస్తకం ఉంచుకో. డబ్బులొద్దు."

"ఉంచుకుని ఏం చేస్కోను? తీసుకెళ్లండి."

ఆ శీతాకాలం అతను ప్రయత్నించకపోలేదు. ట్యాంకర్ కంపెనీని రాత్రి డ్యూటీ అడిగాడు, ఇవ్వలేదు. మెర్నా వారానికోసారి వెళ్లి కూర్చుంది. విల్లా చదివింది, కారిస్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏప్రిల్‌లో మెర్నా వెళ్లడం మానేసింది, ఆ పిల్ల మర్యాద తను భరించలేకపోతున్నానంది. జూన్‌లో లామార్ టీచరమ్మను పిలవనే లేదు. చూపించడానికి ఏముందని?

ఆగస్టు చివర నేను సరుకు దించుతుంటే పసుపు బస్సు వెళ్లింది. చిన్నది కిటికీ దగ్గర కూర్చుంది. పెద్దది లోపలి వైపు కూర్చుంది, ముఖం కనిపించలేదు. బడిలో ఆ తరగతి పిల్లలు స్వాతంత్ర్య యుద్ధం కిందటేడే ముగించేశారట, ఈ ఏడు అంతర్యుద్ధంతో మొదలట.

ఇక మిగిలిన లెక్క. లామార్‌కి సాయంత్రం రెండు గంటల నిద్ర దక్కింది, ఇచ్చిన మాట పోయింది. విల్లాకి స్నేహితులు దొరికారు, తల్లి ఎలా చెప్పేదో అప్పుడే మర్చిపోతోందట. కారిస్‌కి చరిత్రలో మంచి మార్కులు వచ్చాయి. అడిగినదానికి జవాబు రాస్తుంది, తనంతట తాను ఏదీ అడగదని టీచరు చెప్పిందట. నాకు ఒక పూర్తి సెట్టు మిగిలింది, గీత పడనిది, అమ్మకానికి మొదటి రకం. సెప్టెంబరులోనే పోయింది.