వేయేళ్ల జోల

ఆమెను మేమంతా బొంగురు అని పిలిచేవాళ్లం. చిన్నప్పుడు స్కూల్లో పాటల టీచరు, "నీ గొంతులో గులకరాళ్లున్నాయి, వెనక వరసలో నిలబడి ఊరికే నోరు కదుపు" అందట. ఆ మాటకు ఏడవకుండా దాన్నే పేరుగా పెట్టుకుంది. తల్లిది ఒక సముద్రం అవతలి దేశం, తండ్రిది ఇంకో సముద్రం అవతలిది. తల్లి కర్టెన్లు కుట్టేది. ఓడల ఇంజన్లు బాగుచేసే తండ్రి పోతూ పోతూ మిగిల్చింది ఒక గ్రామఫోను, పెట్టెడు జాజ్ రికార్డులు. బొంగురుకు గురువులు ఆ రికార్డులే.

వారమంతా ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం. శని, ఆదివారాలు మధ్యాహ్నం భోజనాల వేళ ఒక హోటల్లో మాతో పాట. పియానో నాది. ఆరేళ్లు అక్కడ మా సంగీతం మీద చెంచాల చప్పుడుదే పైచేయి. అయినా ఆమె నిండు సభలో పాడినట్టే పాడేది. ఒక చరణాన్ని రెండోసారి ఎత్తుకుంటే మొదటిసారి పోయిన దారిన పోయేది కాదు. వెనకాల పరిగెత్తలేక నా వేళ్లు చచ్చేవి.

అలాంటి మనిషిని ఒకరోజు భోజనానికొచ్చి 'కనిపెట్టిన' మహానుభావుడు ఒక రికార్డు కంపెనీ డైరెక్టరు. చొక్కా ఇస్త్రీ ఎప్పుడూ నలగదు, బుర్రా అంతే. మమ్మల్నిద్దరినీ ఆఫీసుకు పిలిపించాడు.

"మీ అమ్మగారిది ఏ దేశమమ్మా?"

చెప్పింది.

"నాన్నగారిది?"

అదీ చెప్పింది. లాటరీ తగిలినవాడిలా కుర్చీలోంచి లేచాడు.

"అబ్బబ్బా! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నావమ్మా?"

"మీరు భోంచేసే హోటల్లోనే అండీ," అంది బొంగురు.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆమె గొంతు గురించి మాత్రం ఒక్క ముక్క అడిగితే ఒట్టు.

మొదటి రికార్డు అట్ట మీద ఆమెను చెప్పుల్లేకుండా ఇసకలో నిలబెట్టి, తలలో ఈకలు గుచ్చారు. తల్లి ఆ అట్టను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

"ఇవి ఏ కోడివే?"

"నాన్న వైపు కోడివంటున్నారమ్మా."

"మీ నాన్న వైపు అందరూ మెకానిక్కులే కదే!"

బొంగురు ఆ ఈకలకు ఒప్పుకుంది. ఆరేళ్లు చెంచాల మధ్య పాడినవాళ్లకు అది అర్థమవుతుంది. నేనూ తక్కువ తినలేదు. నా మెడలో ఎవరిదో డోలు వేలాడదీసి ఫొటో తీస్తుంటే పళ్లికిలించాను. కాబట్టి ఇంకొకళ్లను వెక్కిరించే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగాన్ని వృథా పోనివ్వను.

రెండో రికార్డుకు డైరెక్టరు ఏకంగా స్టూడియోకే వచ్చాడు.

"మీ అమ్మమ్మ పాడిన జోలపాట ఒకటి కావాలమ్మా. అచ్చమైనది."

"మా అమ్మమ్మ జోల పాడలేదండీ. సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇంటికొచ్చాక పిల్లలకంటే ముందు తనే నిద్రపోయేది."

"గుర్తు తెచ్చుకోమ్మా, గుర్తు తెచ్చుకో."

బొంగురుకు ఒళ్లు మండింది. నా వైపు తిరిగి కన్ను గీటి, "లూమరీ లూమరీ దబదూ" అంటూ ఎత్తుకుంది. అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లుకుపోయే ఆ పద్ధతిని జాజ్‌లో స్కాట్ అంటారు. కోపంలో పాడిందేమో, నాలుగు నిమిషాలు మా అందరికీ ఊపిరాడలేదు. అద్దం అవతల డైరెక్టరు చేతిరుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు.

'అమ్మమ్మ జోల' అని పేరు పెట్టి వదిలారు. ఒక విమర్శకుడు దాన్ని వేయేళ్ల కన్నీరన్నాడు. ఇంకొకాయన ఆ పాటలో నదులు విన్నాడట. అవార్డు వచ్చింది. సన్మాన సభలో ఒక ప్రొఫెసరు గారు ముప్పావుగంట ఉపన్యసించారు. 'లూమరీ' అంటే వలసపక్షి, 'దబదూ' అంటే తిరిగిరాని తీరం. ఆ భాష అంతరించిపోయిందట, పాపం.

తర్వాత ముందు వరసలో ఉన్న తల్లికి మైకు ఇచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

"బాబూ, ఈ పాట మా అమ్మది కాదు. మా అమ్మకు పాటలు రావు, సబ్బులే వచ్చు."

సభంతా ముచ్చటగా నవ్వింది. అప్పుడు బొంగురు లేచి మైకు అందుకుంది.

"మా అమ్మ చెప్పింది నిజం. ఆ పాట నేను అల్లాను. అందులో పక్షి లేదు, తీరం లేదు. ఇరవయ్యేళ్లు సాధన చేస్తే వచ్చిన విద్య అది. మెచ్చుకుంటే నన్ను మెచ్చుకోండి."

ఇప్పుడైనా ఒక్కడు సిగ్గుపడతాడేమోనని చూశాను. ప్రొఫెసరు గారు చిరునవ్వుతో లేచారు.

"చూశారా! ఆమెకే తెలియదు. దీన్నే రక్తంలోని జ్ఞాపకం అంటాం."

చప్పట్లు మారుమోగిపోయాయి. ఆమె జీవితంలో విన్న అతి పెద్ద చప్పట్లు, ఆమెను అబద్ధాలకోరును చేసిన చప్పట్లు. బొంగురు అవార్డును కుర్చీలో పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్ల మీద నాతో, "అన్నా, వీళ్లకు చెవుల స్థానంలో గ్రంథాలయాలున్నాయి" అంది. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

మూడో రికార్డుకు సంతకం పెట్టనంది. కంపెనీ ఏమీ బెంగపెట్టుకోలేదు. నెల తిరక్కుండా చెప్పుల్లేని ఇంకో పిల్లను కనిపెట్టింది. మేం ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు కచేరీ మొదలుపెట్టాం. ముప్ఫై కుర్చీలు. మొదట్లో జోల కోసం జనం వచ్చేవారు, అది పాడనంటే మొహం మాడ్చుకుని పోయేవారు. రానురాను పది పన్నెండుగురు మిగిలారు. వాళ్లలో బాకాలు రిపేరు చేసే ముసలాయన ఒకరు. ఒకరోజు కచేరీ అయ్యాక నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు.

"రెండో పాటలో, చివరి చరణం పైకెక్కేటప్పుడు శ్రుతి కాస్త జారిందమ్మా."

నేను బిక్కచచ్చిపోయాను. బొంగురు మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఎక్కడ? మళ్లీ చెప్పండి బాబాయ్!"

ఆయన సన్నగా కూనిరాగం తీసి చూపించాడు. ఆమె తల ఊపి, ఆయనకు కుర్చీ లాగి, నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"నిజమే అన్నా, జారింది. పట్టు, అక్కణ్ణుంచి."