‘అందినది’ యన్న బదులు

ఆషాఢమేఘమాలికాశ్యామలమైన గగనతలమున సౌదామినీలతలు క్షణక్షణమును మెఱసి మాయుచుండఁగా గిరిశిఖరనిర్ఝరములు మత్తగజయూథములవలె ఘీంకరించుచు లోయలకు దిగుచుండఁగా నూతనజలపూరగర్వితయైన కపిలేఱు పైయానకట్ట తలుపుల వెనుక ఊపిరి బిగఁబట్టి నిలిచియుండెను. దిగువ యానకట్ట పాదమున మాత్రము ఏటిగర్భము ఇంకను ఎండియే యుండెను. అచ్చట తాపీపనివారు నిరుటి వరదకుఁ గోసికొనిపోయిన రాతిపఱపును తొందరతొందరగాఁ బూరించుచుండిరి. వారి మేస్త్రి అప్పలస్వామి. అతని కొమార్తె పైడితల్లి ఆ వంశమునఁ గళాశాల గడప త్రొక్కిన తొలి మనిషి; రెండానకట్టలను గలుపు ఐ.ఎస్.డి.ఎన్. అను వార్తల తంత్రికిఁ గావలసిన ప్రోగ్రాము వ్రాసిన యింజనీరును ఆమెయే.

మునుపు నీరు విడుచుటకు ముందు పైవారు టెలిఫోనున వార్త పలుకుటయు దిగువవారు ఆ మాటలనే తిరిగి యప్పఁజెప్పి సైరను మ్రోఁగించుటయు ఆచారమై యుండెను. ఇప్పుడా పని తంత్రికిరువైపుల నమర్చిన చిప్పులది. వార్త నడుమఁ జెడినచో అందుకొన్న చిప్పు దానిని పాఱవేయును. బదులు రాకున్నఁ బంపిన చిప్పు గడువు చూచి మరలఁ బంపును. ఎంతకును పలుకు లేకున్న తంత్రి తెగినదని చాటును. వార్త సరిగాఁ జేరెనా, అందుకొన్న చిప్పు ప్రోగ్రామును అడుగకయే ‘అందినది’ యని తనంతఁ దానే బదులిచ్చును. పిదప దిగువ ప్రోగ్రాము ఆ వార్తను అచ్చుయంత్రమున కెక్కించి సైరను మ్రోఁగించును. ఈ నేర్పునకే పైడితల్లి మురిసిపోయెను. యంత్రములు బిగించిన నాఁడు దిగువ యానకట్ట కాపరి సన్యాసప్పడు తన నోటికిని చేతికిని సెలవిచ్చితిరి గదా ఇఁకఁ బండుకొని జీతము తినెదనని నవ్వులాడెను.

తాపీపని సాగుచున్న యా దినపు పూర్వాహ్ణమున ఎగువ కొండలలో వాన ముదిరి నీరు విడువక తప్పని స్థితి యేర్పడెను. పైయానకట్ట యంత్రశాలలోఁ గూర్చున్న పైడితల్లి హెచ్చరిక పంపెను. మీట నొక్కిన వ్రేలు పైకి రాకమునుపే పచ్చదీపము వెలిఁగెను. పర్యవేక్షకుఁడు వాచస్పతిగారు బదులు వచ్చినదా యని యడుగఁగా వచ్చినదండీ యని యామె వినయముతోఁ దెలిపెను. తలుపులు లేచెను. శృంఖలావిముక్తసింహీసమూహమువలె జలరాశి గర్జించుచు దిగువకు దుమికెను.

తన యంత్రము మ్రోఁగించిన సైరనును తండ్రి విని యుండునన్న సంబరము పట్టలేక ఆమె టెలిఫోనెత్తి సన్యాసప్పడును బిలిచెను.

“బాబాయిగారూ, సైరను మా నాయనకు వినఁబడినదా?”

“ఏ సైరనమ్మా? ఇచటఁ గాకికూఁతకు మించిన చప్పుడు లేదు. మీ నాయన సున్నము కలుపుచుఁ బాడుచున్నాఁడు. మాకు సైరనన్న నదియే.”

శరత్కాలసరోవరమువలెఁ దేఱియున్న యామె మనస్సు ఒక్క పెట్టునఁ గలఁగెను. ఎదుట పచ్చదీపము వెలుఁగుచునే యుండెను. తెరపైన ఒక్క దోషమును లేదు. సైరను మ్రోఁగలేదని యామె యనఁగనే తలుపులు దింపుఁడని వాచస్పతిగారు కేకవేసిరి గాని విడిచిన నీరు పిలిచినచో మరలునా?

“నీరు విడిచితిమి. అందఱిని గట్టెక్కింపుఁడు. ఈ మాట నాకుఁ దిరిగి చెప్పుఁడు” అనెను పైడితల్లి.

“నీరు విడిచిరి. గట్టెక్కించెదను” అని పలికిన సన్యాసప్పని గొంతులో నవ్వు లేదు. మఱుక్షణమున సైరను టెలిఫోనులోనే వినఁబడెను.

ఆమె ఆ టెలిఫోనును చెవినుండి తీయలేదు. అటు కేకలు వినఁబడెను. రాళ్లు దొర్లిన చప్పుడు వినఁబడెను. పిదప నీటి హోరొక్కటియే వినఁబడెను. చాల సేపటికి సన్యాసప్పడు వచ్చి అందఱును గట్టున నున్నారనియు పనివారిని ముందెక్కించి తాను కడపట నెక్కిన అప్పలస్వామి నడుము దాఁక తడిసెననియు అతని తాపీ మాత్రము ఏటిపాలైనదనియుఁ దెలిపెను.

విచారింపఁగాఁ దేలినదిది. అచ్చుయంత్రము కటకటలాడుచుఁ జెవులు తినుచున్నదని సన్యాసప్పడు దాని నార్పివేసెనఁట. అచ్చు గావలసిన వార్తలు పేరుకొని ప్రోగ్రాము కొఱకుఁ గేటాయించిన చోటు నిండిపోయెను. హెచ్చరిక నందుకొన్న చిప్పు ‘అందినది’ యని పైకిఁ బలికి ప్రోగ్రామున కందీయఁగా అది చోటు లేక దానిని జారవిడిచెను. చోటు లేనప్పుడు ‘ఆఁగుము’ అని బదులిమ్మని చిప్పునకుఁ జెప్పవలసినది ప్రోగ్రామే. ప్రయోగశాలలో నెన్నఁడును చోటు నిండలేదు గనుక ఆ పంక్తిని పైడితల్లి వ్రాయలేదు. చిప్పు ఏ నియమమును దప్పలేదు. అదియే భయంకరము. దోషము చిప్పుదని నివేదికలో వ్రాయుదమని వాచస్పతిగారు మెల్లగా ననిరి. తనదని వ్రాయుఁడని యామె బదులు పలికెను.

సాయంకాలమునఁ దండ్రిని జేరి జరిగినదంతయుఁ జెప్పెను. అతఁడు తడిసిన పంచె పిండుకొనుచు ననెను.

“చిన్ననాఁడు నేను కథ చెప్పుచుండఁగా నీవు నిద్రలోఁ గూడ ఊఁ కొట్టెడిదానవు తల్లీ. అందులకే నడుమ నాఁగి రాకొమరుఁ డెక్కడికిఁ బోయెనని యడిగెడివాఁడను.”

పైడితల్లి తల వంచుకొనెను. తరువాతి దినములలో వ్రాయవలసిన పంక్తిని వ్రాసినది. దిగువ మనుష్యుఁడు మాటను తిరిగి యప్పఁజెప్పువఱకును తలుపు లేవరాదన్న పాత యాచారమును మరల నిలిపినది. అయినను ఆ సాయంకాలమున గట్టుపైఁ గూర్చున్న యామె చెవులలో సైరను ఇంకను ఆఁగలేదు. పనివారు నిలిచిన చోటును గప్పుకొని కపిలేఱు ఎవ్వరి యూఁకొట్టుటకును వేచియుండక పాఱుచుండెను.