పది డ్రమ్ముల గాలి

నాకు చదువు పొట్లాల మీద వచ్చింది. మా బిడ్డ జమున ఒకటో తరగతి వాచకం పక్కన పెట్టుకుని, చక్కెర పొట్లం కట్టిన కాగితం మీది అక్షరాలతో పోల్చుకుంటూ నేర్చుకున్నాను. పొట్లం కాగితంలో ఏ వార్తా పూర్తిగా ఉండేది కాదు. మంథని దగ్గర గోదావరిలో పడవ తిరగబడేది, అంతటితో కాగితం చినిగిపోయేది. ఎక్కినవాళ్ళు గట్టెక్కారో లేదో తెలియక ఆ రోజంతా నాకు అన్నం సహించేది కాదు.

ఆ గురువారం పేపరులో ఆరోగ్యం పేజీ మాత్రం చినగకుండా, నిండుగా దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

మనం పీల్చిన ఆక్సిజన్ ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు కొన్ని తుంటరి అణువులు పుడతాయట. వాటికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి పక్కనున్న కాలేయ కణాల గోడలు కొరుకుతాయట. ఉసిరి, పసుపు, మునగాకు, నేల ఉసిరి లాంటి వాటిలో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు తమ దగ్గరున్నది ఇచ్చి వాటి నోరు మూయిస్తాయట. రాసినాయన కరీంనగర్‌లో ఫార్మసీ కాలేజీ ప్రొఫెసరు, విద్యాధర్ గారు. సందేహాలున్నవారు వచ్చే వారం శనివారం పదకొండు నుంచి పన్నెండు దాకా ఫోన్ చేయవచ్చని కింద నంబరు ఇచ్చారు.

చదివి, కళ్ళద్దాల మీదుగా తల ఎత్తాను. ఎదురుగా మంచం మీద మా ఆయన రాయమల్లు ముక్కులో గొట్టం పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. ఆ గొట్టంలో వచ్చేది ఆక్సిజనే.

ఆయన ముప్పై రెండేళ్ళు బొగ్గు బాయిలో పనిచేశాడు. షిఫ్టుకు బయలుదేరిన ప్రతిసారీ నేను గడపలో నిలబడి, ఆయన మలుపు తిరిగాక కూడా అక్కడే ఉండేదాన్ని. మస్కట్ పోయిన మా తమ్ముడు రాములును ఎక్కించిన బస్సునూ అట్లాగే చూశాను, దుమ్ము అణిగేదాకా. వాడు మళ్ళీ రాలేదు. ఈయన రిటైరైన రోజు, ఇక ఎవరినీ సాగనంపే పని లేదనుకుని మా ఊరు నస్పూర్ అంతా వినబడేట్టు నిద్రపోయాను. తర్వాత ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. పోయిన చలికాలం ఆసుపత్రి నుంచి ఆయనతో పాటు ఆక్సిజన్ మిషను కూడా ఇంటికి వచ్చింది. నిమిషానికి రెండు లీటర్లు, రోజుకు పదహారు గంటలు. దాని మోతకు మా పక్కింటి కొమురవ్వ పిండిగిర్ని అని పేరు పెట్టింది. మోత భరించలేక మిషనును వెనక గదిలో పెట్టి, పొడుగు గొట్టం లాగాం.

శుక్రవారం నుంచి ఆయన కాలేయాన్ని కాపాడే పని మొదలుపెట్టాను. పొద్దున ఉసిరి తొక్కు, పగటిపూట మునగాకు పప్పు, సాయంత్రం పసుపు పాలు. మోరీ కాలువ పక్కన మొలిచిన నేల ఉసిరి కొమురవ్వ పీక్కొచ్చి ఇస్తే నూరి, ఉండ చేసి మింగించాను. అది చేదు విషం. మూడో రోజు ఆయన పళ్ళెం దూరం జరిపాడు.

"దినాం ఆకేనా? మేకకైన పూటకో తీరు మారుస్తరు."

"నీ కార్జాన్ని కొరుకుతున్నయట."

"ఎవలు?"

"ఎలక్ట్రాన్ తక్కువైనోళ్ళు."

"మా బాయిల సగం మంది గసుంటోళ్ళే. ఎవ్వన్ని కొరకలే."

నవ్వాను గానీ లెక్క వేయకుండా ఉండలేకపోయాను. నిమిషానికి రెండు లీటర్లంటే గంటకు నూట ఇరవై. పదహారు గంటలకు పందొమ్మిది వందల ఇరవై. మా వాకిట్లో నీళ్ళు పట్టే నీలం డ్రమ్ము రెండు వందల లీటర్లది. అంటే దినానికి ఇంచుమించు పది డ్రమ్ముల ఆక్సిజన్ ఈయన ముక్కులో పోస్తున్నాం. పది డ్రమ్ములకు ఒక్క ఉసిరికాయ అడ్డం పడుతుందా? ఆకులు పెంచుదామంటే ఆయన తినడు. ఇక మిగిలింది ఆక్సిజన్ తగ్గించడమే.

సోమవారం పొద్దున వెనక గదిలోకి పోయి మిషను మీద మర తిప్పాను. గాజు గొట్టంలో ఆడే చిన్న గుండు రెండో గీత మీది నుంచి ఒకటో గీతకు దిగింది. ఎవరికీ చెప్పలేదు. పది డ్రమ్ములు ఐదయ్యాయని మనసు నెమ్మదించింది.

మంగళవారం ఆయన మంచం నుంచి వాకిలిదాకా నడవడానికి రెండుసార్లు ఆగాడు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడడానికి వేలికి పెట్టే చిన్న మిషనులో తొంభైకి దగ్గరగా ఉండే అంకె ఎనభై నాలుగు చూపించింది. బ్యాటరీ మార్చాను. అప్పుడూ ఎనభై నాలుగే. ఒకవేళ కొరికేవి ముందే కొరికేశాయేమోనని ఆయన కనురెప్పలు ఎత్తి పసుపుదనం కోసం వెతికాను. బుధవారం నేల ఉసిరి ఉండ పెద్దది చేశాను. గురువారానికి జోకులు ఆగిపోయాయి. ఉండ చేతిలో పెడితే మారు మాట్లాడకుండా మింగాడు. ఒక జోకుకు ఎంత ఊపిరి కావాలో నాకు ఆ రోజు తెలిసింది. గోడవైపు తిరిగి పడుకున్న వీపును, రాములు ఎక్కిన బస్సును చూసినట్టే చూస్తూ నిలబడ్డాను.

శనివారం పదకొండుకే నంబరు కొట్టడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకు కలిసింది. వెంటనే అడిగాను.

"సారూ, దినానికి పది డ్రమ్ముల ఆక్సిజన్‌కు ఎన్ని ఉసిరికాయలు పెట్టాలె?"

అవతల ఆయన నవ్వి, పది డ్రమ్ములు ఎక్కడివని అడిగాడు. బాయి, మిషను, లెక్క, మర, అన్నీ చెప్పాను. చెబుతుండగానే నవ్వు ఆగింది.

"ఇప్పుడెంత మీదున్నదమ్మా?"

"ఒకటి."

"ఫోన్ పెట్టెయ్యకండి. పోయి డాక్టరు చెప్పిన రెండు మీద పెట్టి రండి. నేను ఆగుత."

వెళ్ళి తిప్పాను. తొందరలో గుండు రెండూ దాటింది. మళ్ళీ కిందికి తెచ్చి, గీత మీద నిలిచేదాకా చూసి వచ్చాను. ఆయన నిజంగానే ఆగి ఉన్నాడు.

"పొయ్యిల నిప్పురవ్వలు ఎగురుతయని పొయ్యి ఆర్పుకుంటమా అమ్మా? ఉసిరి రవ్వలను చల్లార్చేది. ఆక్సిజన్ పొయ్యి. ఆయనకు మొదలే మంట సన్నగున్నది. గాలి తక్కువైతే కాలేయం కూడ ఎండుతది."

మరి పేపరులో అన్ని ఆకుల పేర్లు ఎందుకు రాశారని అడిగాను. ఉసిరి కూరలాగా తినడానికి మంచిదేననీ, తమ కాలేజీలో ఆ ఆకుల రసాలను ఎలుక కాలేయం నుంచి తీసిన కణాల మీద, గాజు పళ్ళెంలో పరీక్షించామనీ చెప్పాడు.

"ఎలుకదా? ఆ ముక్క పేపర్ల లేదు గద సారూ."

"రాసిన. జాగ చాలక తీసేసిండ్రు."

అంటే నాకు ఆ పేజీ కూడా చినిగిందే దొరికిందన్నమాట. ఈ పూటే డాక్టరుకు చూపించమని మరీ మరీ చెప్పి ఆయన ఫోను పెట్టాడు.

కరెంటు పోతే వాడే చిన్న ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆటోలో మంచిర్యాల ఆసుపత్రికి పోయాం. అప్పటికే అంకె ఎనభై ఎనిమిదికి ఎక్కింది. సాయంత్రందాకా ఉంచుకుని, భయం లేదు, ఆ రెండే కొనసాగించమన్నారు. ఆక్సిజన్ ఎందుకు తక్కువైందని డాక్టరు అడిగితే, నేను గోడ మీద చార్టు చదువుతూ నిలబడ్డాను. మిషను మొరాయించి ఉంటుందని డాక్టరే అనుకున్నాడు.

మా ఆయన ఆ మాటనే పట్టుకున్నాడు. మరునాడు పొద్దున లేవడంతోనే, ఆ మిషను మీద నమ్మకం పోయిందనీ, తీసుకుపొమ్మని మిషను ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేయమనీ జమునకు చెప్పమన్నాడు. మళ్ళీ కొత్తది వచ్చేదాకా ఎన్నాళ్ళో. ఇక దాచి లాభం లేదు. మంచం పట్టె మీద కూర్చుని చెప్పేశాను. ఆయన ముక్కులో గొట్టం సర్దుకుని నా వైపు తిరిగాడు.

"బాయిల గాలి తలుపులుంటయి. ఎటు గాలి పోవాల్నో అవ్వే మలుపుతయి. ఒకడు చెప్పకుంట ముట్టిండంటే లోపటున్న అందరి పానం వాని చేతుల వెట్టినట్టే. అసువంటోనికి ఏమిస్తరో ఎరికేనా?"

తెలియదన్నాను.

"చార్జిషీటు. పో, కాయిదం తే."

ఆయన చెప్పాడు, నేను రాశాను. శ్రీమతి లస్మవ్వ, వంటింటి డ్యూటీ, పై అధికారికి తెలపకుండా ఐదు దినాలు గాలి తగ్గించినట్టు రుజువైంది. సంజాయిషీ ఇవ్వవలెను. ఆ కింద జవాబు నన్నే రాయమన్నాడు.

చదవడం తప్ప నా అంతట నేను ఒక వాక్యం రాసింది లేదు. అరగంట పట్టింది. 'నన్ను ఇడిసిపెట్టి ముందు పోతడని భయమైంది' అని రాసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని కూడబలుక్కున్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

"సంజాయిషీ సంతృప్తికరంగ లేదు. పోతడని భయమైతే గాలి ఆపుతరా ఎవలన్న?"

నా కళ్ళు నిండాయి. శిక్ష ఏమిటని అడిగాను.

"సస్పెన్షన్. వంటింట్ల అడుగు పెట్టద్దు. మిషన్ను ఈ గదిలకు తేవాలె. దాని ముంగట కూసోవాలె. జమున అచ్చి మేక కార్జం ఏపుతది. ఆకు అనే ముచ్చట ఎత్తద్దు."

జమున ఉప్పు ఎక్కువ వేస్తుందన్నాను. అప్పీలు లేదన్నాడు.

ఆ మధ్యాహ్నమే జమున వచ్చి వేపింది. ఉప్పు ఎక్కువే అయింది. పిండిగిర్ని మంచం పక్కనే మోగుతోంది. ఆయన తృప్తిగా నములుతున్నాడు. నేను కుర్చీలో కూర్చుని, గుండు రెండో గీత మీద ఉందో లేదో చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి నడుము పట్టేసి, నా షిఫ్టు ఎప్పుడు దిగాలని అడిగాను.

బాయిలో ఒకడి షిఫ్టు అయిపోయినా, వాని చోటికి రావలసినవాడు వస్తేనే పైకి రానిస్తారు. ఆయన వేలు నాకుతూ వాకిలివైపు ఒకసారి చూశాడు.

"నీ రిలీవర్ రాలే. ఉండు."