వైరుకు ఆ కొస

సమ్మెట దెబ్బకు ఇనుప కడ్డీ నేలలోకి దిగింది. బుచ్చన్న దాని మొదట్లో ఉప్పునీళ్లు పోసి, వైరు బిగించి, చెయ్యి పైకెత్తాడు. చందుర్తి శివారులో మదన్ మోహన్ రావు మామిడితోట అది. బోర్లన్నీ ఎండిపోయి కాయలు రాలిపోతుంటే, కింద నీళ్లెక్కడున్నాయో చూడమని జగిత్యాల నుంచి సర్వే చేసే రాకేశ్‌ను పిలిపించుకున్నాడాయన.

నడిమధ్య గొడుగు కింద రాకేశ్, అతని ముందు మిషన్. ఒక పక్క వైరు కొసన బుచ్చన్న, రెండో పక్క వైరు కొసన అతని భార్య మొగిలవ్వ. ఇద్దరూ కడ్డీలు దిగగొట్టి చేతులెత్తితే అతడు నేలలోకి కరెంటు వదిలి రీడింగు చూస్తాడు. మళ్లీ కడ్డీలు పీకి ఇద్దరూ ఇంకాస్త ఎడంగా జరగాలి. ఎంత ఎడం జరిగితే అంత లోతు తెలుస్తుందట. అంటే పొద్దంతా మొగుడూ పెళ్లాం ఒకరికొకరు దూరమవుతూ పోవడమే వాళ్ల పని. ఆఖరి రీడింగు అయ్యాక వైర్లు చుట్టుకుంటూ వచ్చి నడిమిట్ల కలుసుకుంటారు.

కల్లు గీసే రోజుల్లో తాటిచెట్టు మీంచి జారి భుజం విరిగాక బుచ్చన్న ఈ పనికి వచ్చాడు. కోరుట్లలో బీడీలు చుట్టుకునే మొగిలవ్వను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆనాటి నుంచీ గుట్ట దిక్కు, ముళ్ల దిక్కు అతనిది. చదును నేల ఆమెది. కూర్చుని మాట్లాడుకున్నదేం కాదు, అలా నడిచిపోయింది.

ఈ రోజే తిరగబడింది. నిన్న మొగిలవ్వ రాకేశ్‌తో, "సారూ, మా ఆయినకు రెక్క గుంజుతాంది. రాత్రంత మూల్గుతాండు. సమ్మెటకు ఇంకోన్ని సూడుండ్రి" అన్నది. చాటుగా అన్నా పోయేది, నలుగురిలో అన్నది. ఇంకేముంది, బుచ్చన్నకు ఒళ్లు మండిపోయింది. రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పొద్దున తోటలో దిగగానే, పక్కనున్న గుట్ట దిక్కు పోవలసిన కడ్డీని, సమ్మెటను ఆమె ముందు పడేశాడు.

"నేను సాతగానోన్ని గద! సాతనైనదానివి, నువ్వే ఎక్కు."

"గట్లనా నేనన్నది?" మొగిలవ్వ అతని మొహంలోకి చూసింది. "సరే తియ్యి. నువ్వు జర నీడకుండు."

ఆ మాట అతనికి ఇంకా కాలింది. ఛీ, ఏం పౌరుషమో అది! ఎందుకూ కొరగాని పౌరుషం.

ఎండ ముదిరింది. రాళ్ల మధ్య ఆమె పసుపుపచ్చ చీర చిన్నదైపోతోంది. ఒక్కో రీడింగుకూ ఆమె చెయ్యి లేవడం ఆలస్యమవుతోంది.

"బుచ్చన్నా, అక్క బాగ లేటయితాంది. జర పోయి సూస్తవా?" రాకేశ్ కేకేశాడు.

"గుట్ట గద సారూ. ఎక్కనియ్యుండ్రి, తెలుస్తది."

ఆఖరి రీడింగుకు ఆమె చెయ్యి లేచింది. దించాక అక్కడే కూలబడింది. ఎన్నడూ అలా కూర్చునే మనిషి కాదు. అలిగిందనుకున్నాడు బుచ్చన్న. ఒక అడుగు వేసి ఆగాడు. నేనే ముందు పోవాల్నా అనుకుని వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టుతూ చుట్టుతూ మెత్తబడ్డాడు కూడా. ఇంటికి పోయేటప్పుడు కోరుట్ల బస్టాండు దగ్గర వేడివేడి మిరపకాయ బజ్జీలు తినిపించాలనుకున్నాడు.

నడిమికి చేరేసరికి ఆమె వైపు వైరు కదలకుండా పడి ఉంది.

"ఏమే, దిగుతవా? బండి పంపాల్నా?" నవ్వుతూనే అరిచాడు.

ఇంకో కేక వేశాడు. ఆపైన సమ్మెట పారేసి పరుగెత్తాడు.

మొగిలవ్వ బండకు ఆనుకుని ఉంది. తల పక్కకు వాలిపోయింది. వెనకాలే రొప్పుతూ వచ్చిన రాకేశ్ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బుచ్చన్నా... అక్క లేదు."

"ఊకో సారూ! ఎండదెబ్బ. సిరిసిల్ల దవాఖానకు కొంటవోతె లేస్తది." భార్య చెంపలు తట్టాడు. మళ్లీ తట్టాడు. అప్పుడు అతనికి అర్థమైంది. "నువ్వు పోయి సూడుమంటివి సారూ... నేను పోకపోతిని. కండ్ల ముంగటనే ఉండె. పోకపోతిని గద!" అని నెత్తి కొట్టుకున్నాడు.

రావు కారు గుట్ట మొదట్లోకి వచ్చి ఆగింది. బుచ్చన్న ఎవరినీ తాకనివ్వకుండా తనే రెండు చేతులా ఆమెను ఎత్తుకున్నాడు. అప్పుడు కనిపించింది. ఆమె ఆనుకున్న బండ మీద, మోదుగాకుల దొప్ప నిండా తునికిపండ్లు. ఆమెకు ఆ వగరు పడదు. అతనికి ప్రాణం. ఎక్కుతూ ఎక్కుతూ పొదపొదకూ ఆగి ఏరినట్టుంది.

దాన్ని అందుకోవాలని వంగితే ఆమె జారిపోతుంది. బుచ్చన్న ఏడుస్తూ గుట్ట దిగిపోయాడు. బండ మీద దొప్ప అలాగే ఉంది, పుల్లతో గట్టిగా కుట్టి, ఒక్క పండూ కొరకకుండా.