పీకేసిన ఎర్రదీపం

కార్లకు కరెంటు పని చేసే మేస్త్రీకి, పెళ్ళాన్ని టాక్సీలో తీసుకెళ్ళడమంటే నామోషీ. "ఇంట్లో బండి పెట్టుకుని పరాయి బండి దేనికి?" అని కసిరాడు. మూడేళ్ళుగా డయాలిసిస్ సూదులు పొడిపించుకుంటున్న ఆమెకు వాదించే ఓపిక ఎక్కడిది? ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కిడ్నీ దొరికిందట. నాలుగింటిలోపు చేరాలి, చేరకపోతే వరసలో రెండో మనిషికి ఇచ్చేస్తారు.

బయట కుండపోత. లైట్లు, వైపర్లు, అద్దాల ఆవిరి పోయేందుకు ఫ్యాను, అన్నీ వేశాడు. ఆమెకు కుదుపు తగలకూడదని నిండు పాలగిన్నె తీసుకెళ్తున్నంత మెల్లగా నడిపాడు.

పెద్ద వంతెన ఎక్కాక వైపర్లు ఈడ్చుకుంటూ కదలసాగాయి. హారన్ కొడితే పీలగా మూలిగింది. మేస్త్రీ కళ్ళు డ్యాష్‌బోర్డు మీదికి పోయాయి.

బండి నడుస్తుండగా బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగితే ఛార్జింగ్ లేదని అర్థం. తాళం తిప్పినప్పుడు అది అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ ఈ పాఠం చెప్పేది తనే. తన బండిలో మాత్రం ఆ చోట బల్బే లేదు. పోయినవారం అది మినుకుమినుకుమంటుంటే భార్య హడలిపోయింది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో బ్రష్షులు అరిగాయని ఆయనకు తెలుసు. తీరిగ్గా మార్చవచ్చు, ఈలోపు ఆమె భయపడకుండా ఉంటే చాలని బల్బు పీకేశాడు. ఈ పాత బండిలో ఆల్టర్నేటర్‌ను లేపే కరెంటు వెళ్ళేది ఆ బల్బులోంచే. అందుకని రోజూ స్టార్ట్ చేయగానే ఎక్సలేటర్ ఒకసారి గట్టిగా తొక్కేవాడు. ఆ ఊపుకి ఆల్టర్నేటర్ లేచి ఛార్జింగ్ అందుకునేది. ఇవాళ ఆమె ఉలిక్కిపడుతుందని తొక్కలేదు. అంత తెలివి!

ఇప్పుడు తొక్కాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే టిక్కు టిక్కుమంది, అంతే.

వానలో దిగి కనబడ్డ ప్రతి బండికీ దండం పెట్టాడు. ఒక్కడూ ఆగలేదు. టాక్సీవాడికి ఫోన్ చేస్తే, రావడానికే అరగంట పడుతుందన్నాడు. మూడూ నలభై అయింది. ఆసుపత్రికి ఇంకా అరగంట దారి.

తడిసిముద్దై లోపలికొచ్చి కూర్చుని అంతా చెప్పేశాడు. "నిన్ను నేనే ముంచానే" అని ఏడ్చాడు.

"ఆ ఎర్రదీపాన్ని చూడలేనన్నది నేనే కదండీ" అంది ఆమె.

అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రివాళ్ళు. ఎక్కడిదాకా వచ్చారని అడిగారు.

"వచ్చేశామండీ, పది నిమిషాల్లో మీ ముందుంటాం" అన్నాడు మేస్త్రీ గొంతు సవరించుకుని.

ఆమె మెల్లగా ఆ ఫోన్ లాక్కుంది.

"మా బండి ఆగిపోయిందండీ. టైముకి రాలేం. ఆ రెండోవాళ్ళని పిలవండి" అంది. పెట్టేశాక, "వాళ్ళకైనా టైముకి తెలియాలి కదండీ" అంది.

మేస్త్రీ బానెట్ తెరుద్దామని మళ్ళీ దిగాడు. వంతెన కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.